ఇంకుడు గుంత మింగిన వాన

హైదరాబాదులో వాననీటి కథ చెప్పేవాళ్లు దాదాపు అందరూ ఒకే దారిన పోతారు. పూర్వం మనవాళ్లు చెరువులు తవ్వారు, తర్వాత మనం మరిచిపోయాం, చెన్నై చట్టం చేసి గెలిచింది, మనం దాన్ని చూసి రాసుకుని అమలు చేయలేక ఓడాం. చిత్తశుద్ధి లేకపోవడమే రోగమని తేల్చి చేతులు దులుపుకుంటారు. ఈ కథలో తేదీలూ కుదరవు, రోగనిర్ణయమూ కుదరదు. పెద్ద పెద్ద కప్పులున్న వాణిజ్య భవనాల విషయంలో అయితే అసలు కుదరదు.

చెరువుల ముచ్చట త్వరగా ముగిద్దాం. 1562 నాటి హుస్సేన్ సాగర్, 1908 మూసీ వరద నేర్పిన పాఠంతో కట్టిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927), ఇవన్నీ నేలమీద పారే నీటికి అడ్డుకట్టలు. కప్పుమీద పడ్డ చుక్కకు వాటిని పూర్వీకులుగా చూపడమంటే వంశవృక్షంలో పొరుగింటివాణ్ని ఎక్కించడమే. డాబా నీటికి అసలు పూర్వీకురాలు చూరు కింది గాబు. వాననీళ్లతో పప్పు తొందరగా ఉడుకుతుందని మన ఇళ్లలో ఆడవాళ్లకు ఎప్పుడో తెలుసు. ఉప్పులు లేని నీరు కాబట్టి ఉడుకుతుంది. ఆ గాబు నీళ్లను వాడుకున్నారే తప్ప ఎవరూ పనిగట్టుకుని భూమిలోకి పంపలేదు. శ్లాబు వచ్చాక చూరు పోయింది, కుళాయి వచ్చాక గాబు పోయింది. 1965లో మంజీరా, 2004లో కృష్ణ నగరానికి చేరాయి. ఎంత దూరం నుంచి నీళ్లు తెచ్చుకుంటే, నెత్తిమీది నీళ్లు అంత లోకువయ్యాయి.

ఎవరిని చూసి ఎవరు రాశారన్న తగాదా అంతా 2000 నుంచి 2004 దాకా నడిచిన కాలం గురించే. 2000 మేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'నీరు-మీరు' అనే నీటి సంరక్షణ కార్యక్రమం మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో ఒక్కరోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడి హైదరాబాదు మునిగింది. 2002 ఏప్రిల్‌లో నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, అమల్లోకి వచ్చింది. ఉన్న భవనాలన్నిటికీ వాననీటి ఏర్పాటు తప్పనిసరి చేస్తూ తమిళనాడు ఆర్డినెన్సు తెచ్చింది 2003లో. అంటే మన చట్టమే ముందు. అంతకుముందే చెన్నైలో కొత్త భవనాలకు కొన్ని నిబంధనలున్న మాట నిజమే. అయినా కాపీ కొట్టామన్న మాట నిలవదు.

మరి మన చట్టం ఎక్కడినుంచి వచ్చింది? నా లెక్కన పల్లెనుంచి. నీరు-మీరుకు ప్రాణం వాటర్‌షెడ్ పనులు: కందకాలు, చెక్‌డ్యాములు, ఊటకుంటలు. కరువు ఏళ్లలో ఎండిన బోర్లకు ఊట తేవడమే దాని ఆరాటం. వాల్టా చూపూ అటే. బావుల నమోదు, బోర్ల మధ్య దూరం లాంటి నిబంధనల పక్కనే 200 చదరపు మీటర్లకు తగ్గని నివాస, వాణిజ్య స్థలాల్లో వాననీటి నిర్మాణాల సంగతీ ఉంది. దాని ఉద్దేశం భూగర్భజలం పెంచడం. రైతు పొలానికి రాసిన మందుచీటీనే అబిడ్స్ షాపింగ్ కాంప్లెక్సుకూ ఇచ్చారన్నమాట. అప్పటినుంచి 'వాననీటి సంరక్షణ' అంటే మన నోట 'ఇంకుడు గుంత' అన్న ఒక్క మాటే మిగిలింది. నిల్వ అన్నది భాషలోంచే జారిపోయింది.

ఇంకడానికి నేల ఒప్పుకోవాలి కదా. చెన్నైలో బీసెంట్ నగర్ నుంచి తిరువాన్మియూర్ దాకా తీరం వెంట ఇసుక నేల, పోసిన నీళ్లు పోసినట్టే తాగుతుంది. హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు రాయి. పైన కొంత మట్టి, దానికింద మొరం, ఇంకా కింద గట్టి రాయి. రాతిలో పగుళ్లున్నచోటే నీటికి దారి. వాణిజ్య భవనం కట్టేవాడు రెండు మూడు అంతస్తుల సెల్లార్ కోసం మొదట తీసేది ఆ మట్టినీ మొరాన్నీ. ఇంకే పొరను లారీల్లో పంపేసి, మిగిలిన సెట్‌బ్యాక్ మూలలో, ఫైరింజన్ దారి పక్కన గుంత తవ్వి ఇంకమంటాడు. చాలాచోట్ల సెల్లార్‌లో ఊరే నీటిని రాత్రింబవళ్లు మోటారుతో కాలువలోకి తోడుతుంటారు కూడా. ఒకవైపు ఇంకించడం, ఇంకోవైపు తోడిపోయడం!

లెక్క వేస్తే ఇంకా తేటగా ఉంటుంది. వెయ్యి చదరపు మీటర్ల కప్పుమీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 50 వేల లీటర్లు. రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతున్న గుంతలో కంకర నింపాక నీటికి మిగిలే ఖాళీ మూడు వేల లీటర్ల పైమాట. గంటలో వాన వెలిస్తే రాతినేల ఆలోపు ఎంత తాగుతుంది? మిగిలింది రోడ్డుమీదికే.

గుంతలన్నీ దండగని నేననను. మొరం మందంగా ఉన్న లోతట్టు కాలనీల్లో, ఇల్లు చిన్నదై చుట్టూ మట్టి ఉన్నచోట ఎండిన బోరు మళ్లీ పోయడం చూసినవాళ్లున్నారు, అది అబద్ధం కాదు. చెన్నై విజయాన్ని కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. 2003 తర్వాత అక్కడ నీటిమట్టం పెరిగింది, కానీ 2005లో కుంభవృష్టి కురిసింది. చట్టం వాటా ఎంతో, వాన వాటా ఎంతో విడదీయడం కష్టం. ఆ చట్టం ఉండగానే 2019 వేసవిలో ఆ ఊరి జలాశయాలు అడుగంటి, కంపెనీలు ఉద్యోగుల్ని ఇంటినుంచే పని చేయమన్నాయి.

ఇక ఇప్పటి సంగతి. 2012 నాటి భవన నిబంధనల్లోనూ వాననీటి నిర్మాణం ఉంది, ప్లాన్ కాగితం మీదా ఉంటుంది. హరిత భవనాల పలకలు లాబీల్లో మెరుస్తుంటాయి. ఈమధ్య ఒక కాంప్లెక్సులో గుంత ఎక్కడని అడిగితే వాచ్‌మన్ బైకులు జరిపి మూత చూపించాడు. ఎప్పుడు తీశారంటే నవ్వాడు. బిల్డర్లకు గుంత ఇష్టమవడానికి కారణం తేలికే: అది చవక. నిల్వ సంపు కడితే కార్ల చోటు పోతుంది.

వాణిజ్య భవనంలో తాగడానికి పోయే నీళ్లు కొద్దే. ఎక్కువ ఖర్చు మరుగుదొడ్లకూ, ఏసీల కూలింగ్ టవర్లకూ. బోరు నీటి ఉప్పు ఆ టవర్లలో పేరుకుంటుందని మెత్తబరిచే యంత్రాలు పెట్టి డబ్బు పోస్తారు. పప్పు ఉడికించే ఆ మెత్తటి నీళ్లు మాత్రం పైపు వెంట వీధిలోకి పోతాయి. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన లెక్కన వెయ్యి చదరపు మీటర్ల కప్పు, నష్టాలు పోను, ఆరు లక్షల లీటర్ల పైనే ఇస్తుంది. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే నూట ఇరవై.

అమలు గట్టిగా చేయమని అడిగేవాళ్లు ముందు ఏది అమలు చేయాలో అడగాలి. వెయ్యి చదరపు మీటర్ల కప్పుకు కనీసం 50 వేల లీటర్ల వాననీటి సంపు, అక్కడినుంచి మరుగుదొడ్లకూ కూలింగ్ టవర్లకూ విడి పైపు కనబడితేనే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వాలి. సంపు నిండాక పొర్లే నీళ్లకు గుంత ఉండనివ్వండి.