బళ్ళారి సీమ వీధిబడులు: నాటి పండుగలు, నాటి పిల్లల మెప్పులు

ఉగాదినాడు పంచాంగ శ్రవణం ముగిసిన తరువాత, పెద్దల ఉపన్యాసాలు మొదలుకాక ముందు, చిన్నపిల్లలచేత పద్యాలు చదివించి, బాగా చదివినవారికి బహుమతులివ్వడం ప్రవాసాంధ్ర సంఘాలలో వాడుక. ఇది ఇంగ్లీషు బడుల వార్షికోత్సవాలను చూచి మనవారు నేర్చుకొన్న అలవాటని కొందరు అంటారు. బహుమతి పుస్తకమూ, వెండికప్పూ అటునుంచి వచ్చినవే కావచ్చును. కాని బడిలో నేర్చిన చదువును నలుగురి ముంగిట చూపించడం, చూపిన పిల్లవానిని నలుగురూ మెచ్చుకోవడం అంతకు ముందే మన వీధిబడులలో ఉన్నవి. కర్ణాటక దేశంలో కాపురాలున్న మనకు దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. బళ్ళారి సీమలోనే దొరుకుతున్నది.

1822 జూన్ నెలలో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, రాజధానిలోని ప్రతి జిల్లాలోను ఎన్ని బడులున్నవి, ఎవరు చదువుతున్నారు, ఏమి చదువుతున్నారు అని లెక్క తెప్పించవలసిందిగా ఉత్తరువు చేశాడు. దత్తమండలాలకు తొలి కలెక్టరు ఈ మన్రోయే. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరుపెట్టుకొనేటంతగా జనం ఆయనను తలచుకొన్నారు. ఆ ఉత్తరువుకు కలెక్టర్లు పంపిన జవాబులు చాలావరకు అంకెల పట్టికలే. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ మాత్రం 1823 ఆగస్టు 17వ తేదీన అంకెలతోపాటు బడి లోపలి నడవడిని కూడా వివరంగా వ్రాసి పంపాడు. ఈయన 1816లోనే తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం ప్రకటించినవాడు. అందుచేత చూచినదాన్ని అర్థం చేసుకొని వ్రాశాడనవచ్చును.

ఆయన లెక్క ప్రకారం జిల్లాలో బడులు 533. అందులో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, మరాఠీ 23, పారసీ 21, తమిళం 4, ఇంగ్లీషు ఒక్కటే. బ్రాహ్మణ విద్యార్థులకు సంస్కృత శాస్త్రాలు చెప్పే చోట్లు 23. నాటి బళ్ళారి జిల్లా చాలా పెద్దదని ఇక్కడ జ్ఞాపకముంచుకోవాలి. అనంతపురం 1882లో గాని విడిపోలేదు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం కూడా అందులోవే. ఐనా తెలుగు, కన్నడం ఇలా దాదాపు సరిసమానంగా నిలిచిన జిల్లా మరొకటి అరుదు. రెండు భాషల అక్షరాలూ ఒకటేననీ, ఒకటి చదవగలవాడు రెండవదానిని అర్థం కాకపోయినా చదవగలడనీ కాంబెల్ వ్రాశాడు. ఈ మాట కొంచెం అతిశయమే. తలకట్టు దగ్గర రెంటికీ ఉన్న తేడా మన పిల్లలనడిగితే చెబుతారు. ఐతే బస్సుమీది కన్నడ బోర్డును తెలుగు పెద్దలు కూడబలుక్కొని చదివేయడం మనం చూస్తూనే ఉన్నాము.

పిల్లవానికి అయిదేండ్లు నిండగానే బడిలో వేసేవారు. ఆనాడు అయ్యవారు పిల్లవాని ఇంటికి ఒంటరిగా వచ్చేవాడు కాదు. బడి పిల్లలందరూ వెంట వచ్చేవారు. వినాయకుని ప్రతిమ చుట్టూ అందరూ కూర్చుంటే, క్రొత్త పిల్లవానిని ప్రతిమకు ఎదురుగా కూర్చుండబెట్టేవారు. ధూపం వేసి, నైవేద్యం పెట్టి, బుద్ధినిమ్మని పిల్లవానిచేత ప్రార్థన చెప్పించి, తరువాత అయ్యవారు వాని వేలు పట్టుకొని బియ్యంలో దేవుని పేరు వ్రాయించేవాడు. తల్లిదండ్రులు శక్తికొలదిని కానుక ఇచ్చి పంపేవారు. మరునాటి ఉదయంనుంచి చదువు ఆరంభం. మన ఇళ్ళలో నేడు జరిగే అక్షరాభ్యాసంలో పళ్ళెం, బియ్యం, వేలు అన్నీ అలాగే నిలిచినవి. పోయినదల్లా ఆ బడి పిల్లల గుంపు. క్రొత్తవాడు తమలో చేరుతున్నాడని బడి అంతా ఇంటికి నడిచివచ్చిన పద్ధతి పోయి, ఇది ఇంటిమట్టుకు తంతుగా మిగిలింది. మా దృష్టిలో ఇది చిన్న నష్టం కాదు.

బడి ఉదయం ఆరు గంటలకే తెరిచేవారు. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. అదే వాని గౌరవం. రెండవవాని చేతిలో సున్న చుట్టేవారు. మెప్పూ లేదు, తిట్టూ లేదు అని దాని భావం. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపైన వచ్చేకొద్దీ ఒక్కొక్కటి ఎక్కువ. ఆఖరున వచ్చినవాని సంగతి పాఠకులే ఊహించుకోవచ్చును. సోమరులకు ఇంతకంటె కఠినమైన శిక్షలుండేవి. రెండు చేతులూ కట్టి దూలానికి వ్రేలాడదీయడం, ఆపకుండా కూర్చుండి లేవమనడం కాంబెల్ వ్రాసిన వాటిలోవి. మన పెద్దలు కోదండం, గుంజిళ్ళు అనేవి ఇవే. వీటిని ఇప్పుడెవరూ మెచ్చుకోరు, మేమూ మెచ్చుకోము. కాని అరచేతిలో వ్రాసిన ఆ పేరును తలచుకొంటే, కాణీ ఖర్చు లేని బహుమతి ఇంతకంటె అందమైనది మాకు తోచదు. అది ఆ దినం చెరిగిపోయేది. మరునాడు మళ్ళీ సంపాదించుకోవలసిందే.

అక్షరాలను నోటితో వల్లించడంతో కాక, నేలమీద ఇసుకలో వేలితో వ్రాయడంతో చదువు మొదలయ్యేది. ఇసుకలో చెయ్యి తిరిగిన తరువాతనే తాటాకు, గంటం పట్టుకొనే అర్హత. పలకలుగా రెండు వస్తువులుండేవి. ఒకటి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పుగల కొయ్యపలక. నునుపు చేసి, బొగ్గుపొడిని అన్నంతో కలిపి పూసేవారు. రెండవది కడతం. గంజిపెట్టిన గుడ్డను పుస్తకంలాగ మడతలుపెట్టి, బొగ్గు, జిగురులు పట్టించి నల్లగా చేసేవారు. వ్రాసేది బలపంతో, చెరిపేది తడిగుడ్డతో. ఈ బలపం అనే మాటను కాంబెల్ తన ఇంగ్లీషు నివేదికలో అలాగే ఉంచి, అదెలాటి వస్తువో దొరలకు వివరించవలసి వచ్చింది.

పిల్లలను సాధారణంగా నాలుగు తరగతులుగా పంచేవారు. వయస్సునుబట్టి కాదు, వచ్చిన చదువునుబట్టి ఒక తరగతినుంచి మరొక తరగతికి ఎక్కడం. చిన్న తరగతుల పిల్లలకు పెద్ద పిల్లలే చెప్పేవారు. అయ్యవారు పెద్ద తరగతికి చెబుతూ బడి అంతటిమీదా ఒక కన్ను వేసి ఉంచేవాడు. తోటిపిల్లలకు చదువు చెప్పే స్థానం దొరకడమే నాటి బడిలో ఉత్తీర్ణత. ఈ పద్ధతినీ, తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పే విధానాన్నీ కాంబెల్ మెచ్చుకొని, ఇంగ్లండులో దీనిని అనుకరించడం తగిన పనేనన్నాడు. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శాలలో డాక్టర్ ఆండ్రూ బెల్ ఈ పద్ధతిని నడిపి, తన దేశానికి తీసుకొనిపోయిన సంగతి ప్రసిద్ధమే. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరు నిలిచింది.

ఇక చదివిన గ్రంథాలు. రామాయణం, భారతం, భాగవతం అందరికీ సామాన్యం. విశ్వబ్రాహ్మణులకు, వీరశైవులకు వారివారి పురాణాలు వేరుగా ఉండేవి. పంచతంత్రం ఉండేది. నిఘంటువులలో అమరమూ, ఆంధ్రనామసంగ్రహమూ కనిపిస్తున్నవి. అన్నీ పద్యాలే, వాడుకలో లేని భాషే. పిల్లవాడు వందలకొద్ది పద్యాలు అప్పగించగలడు గాని, చిలుకకు ఎంత అర్థమవుతుందో వానికీ అంతే అర్థమవుతుందని కాంబెల్ గట్టిగా ఆక్షేపించాడు. ఆయన చెప్పింది నిజమే. అందులో సగం తప్పు మాత్రం పిల్లలది కాదు, అర్థం చెప్పలేని అయ్యవార్లది. అర్థం తెలియకుండా నోటికి వచ్చిన పద్యం నలభై ఏండ్లకు ఒకనాడు హఠాత్తుగా అర్థమయ్యే అనుభవం కూడా మన పెద్దలలో చాలామందికి ఉన్నది. దానిని కలెక్టరు పట్టికలో ఎక్కించే గడి లేదు.

దసరా సంగతికి నివేదికలతో పనిలేదు. తెలుగుజిల్లాలలో పెద్దల జ్ఞాపకంలో అది పదిలంగా ఉన్నది. శరన్నవరాత్రులలో పిల్లలు క్రొత్తబట్టలు కట్టి, రంగుకాగితాలతో అలంకరించిన వెదురు విల్లంబులు పట్టుకొని, అయ్యవారి వెంట ఇంటింటికీ వెళ్ళేవారు. బుక్కాగుండ చల్లుతూ, ఇంటివారిని దీవిస్తూ పద్యాలు పాడేవారు. అయ్యవారికి వరహాలు, పిల్లలకు పప్పుబెల్లాలు అడిగే ఆ పాట తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ఇవ్వనివారిని వదలిపెట్టేవారు కాదు. రేపు రమ్మంటే ఒప్పుకొనేవారూ కాదు. తమిళదేశపు తిన్నెబడుల పిల్లలు కూడా నవరాత్రులకు కోలాటమాడుతూ ఇండ్లకు వచ్చేవారు గనుక, అటు స్థిరపడిన తెలుగువారికి ఈ వేడుక క్రొత్త కాలేదు.

దీనిని యాచనగా చూచి చిన్నబుచ్చుకొన్న చదువుకొన్నవారు కొందరున్నారు. మేము అలా చూడము. వీధిబడి అయ్యవారికి సర్కారు జీతం లేదు. పిల్లల తల్లిదండ్రులిచ్చే చిల్లర డబ్బులు, స్వయంపాకం, పండుగ కానుకలే ఆయన బ్రతుకు. దసరా ఆయన సాలుసరి జీతం ముట్టే దినం. అందుకు బదులుగా ఊరు ఏమి పొందేదంటే, తమ పిల్లలు ఆ ఏడు ఏమి నేర్చినారో ప్రతి గడపలోను విని తెలుసుకొనేది. గొంతు నిలిచినదా, పదం విరిగినదా అని అరుగుమీది ముసలివాడు సైతం పరీక్ష చేసేవాడు. బహిరంగ పరీక్షా, పండుగా, జీతమూ మూడూ ఒకే ఊరేగింపులో జరిగిపోయేవి.

ఐతే ఆ ఊరేగింపులో ఎవరు లేరో కూడా చెప్పుకోవాలి. 1823 లెక్కలో జిల్లా జనాభా 9,27,857. బడి పిల్లలు 6,641 మంది. అంటే సుమారు నూట నలభై మందికి ఒక్కరు. వీరిలో మహమ్మదీయులు 243 మంది. ఆడపిల్లలు మొత్తం 60 మంది. తొమ్మిది బడులు తిరిగితే ఒక ఆడపిల్ల కనబడేదన్నమాట. ఆ అరవైమందిలో బ్రాహ్మణుల పిల్లలు ఇద్దరు, వైశ్యుల పిల్ల ఒక్కతె, శూద్రులని వ్రాసినవారిలో 26 మంది, ఇతర కులాలని వ్రాసినవారిలో 31 మంది. పై కులాలవారే ఆడపిల్లలను బడికి పంపలేదని ఈ అంకెలు స్పష్టంగా చెబుతున్నవి. అరచేతిలో సరస్వతి పేరు వ్రాయించుకొన్నవారిలో సరస్వతి అని పేరుగల పిల్ల ఉన్నదో లేదో!

అప్పటికే బడులు తగ్గుతున్నవని కూడా కాంబెల్ వ్రాశాడు. పూర్వం బడి ఉన్న ఊళ్ళలో ఇప్పుడు లేదు. పెద్ద బడులున్నచోట కలవారి పిల్లలు కొద్దిమందే చదువుతున్నారు. సీమబట్టలు వచ్చిపడి ఇక్కడి నేతపనివారి రాబడి పడిపోయిందనీ, పేదరికం పిల్లలను బడినుంచి లాగివేసిందనీ ఆ ఇంగ్లీషు అధికారే ఒప్పుకొన్నాడు. మగ్గం చేతపట్టుకొని సోలాపూరుకు, బొంబాయికి వెళ్ళి స్థిరపడిన మన నేతకుటుంబాలవారికి ఈ వాక్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

1854 తరువాత సర్కారు గ్రాంట్లు వచ్చినవి, తనిఖీదారులు వచ్చినారు. దసరా ఊరేగింపు చోటును క్రమంగా వార్షికోత్సవ వేదిక ఆక్రమించింది. బళ్ళారిలో ఆ వేదిక ఎంత ఎత్తుకు పోయిందో అందరికీ తెలుసు. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు సరస వినోదినీ సభను స్థాపించి తెలుగు నాటకానికి పితామహులనిపించుకొన్నది అక్కడే. కోలాచలం శ్రీనివాసరావుగారు నాటకాలు వ్రాసింది అక్కడే. బళ్ళారి రాఘవ (1880–1946) ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా దేశమంతటా తిప్పినాడు. వీధివీధినా పద్యం చదివే పిల్లలూ, విని తప్పుపట్టగల ముసలివారూ ఉన్న ఊళ్ళో పద్యనాటకం పండడం వింత కాదని మా ఊహ.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి, బళ్ళారితో సహా తక్కినవి మైసూరుకు వెళ్ళినవి. 226 తెలుగు బడులున్న సీమలో తెలుగు ఒకచోట రాజభాష, మరొకచోట అల్పసంఖ్యాకుల భాష అయింది. అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించే వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో 350-ఏ అధికరణం చేరింది. దానికి ముందే, 1949 ఆగస్టులో, విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది: తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని ఆ భాషవారుంటే ఉపాధ్యాయుని వేయాలని. కాంబెల్ నాటి బడిలో సగటున ఉన్నది పన్నెండు, పదముగ్గురు. నలభై లెక్కకు నాటి వీధిబడి చాలావరకు అందేది కాదు. తరగతికి పదిమంది లెక్కకు కూడా, ఉన్న పన్నెండుగురూ నాలుగు తరగతులుగా చీలి ఉండేవారు. అయినా అవి నడిచినవి, ఊరు వాటిని మోసింది గనుక.

నేడు రాష్ట్రం బయట ఒక తెలుగు తరగతి నిలిచేదీ మూతబడేదీ ఆ పదవ పిల్లవాని పేరు హాజరుపట్టీలో ఉన్నదా లేదా అన్నదానిమీద ఆధారపడుతున్నది. పదవ పిల్లవాడు సాధారణంగా పండుగ చూచి వస్తాడు. పక్కింటి పిల్ల వేదికనెక్కి పద్యం చదివి పుస్తకం తెచ్చుకొంటే, ఆ తల్లి తన పిల్లవానిని కూడా తెలుగు క్లాసులో వేయడానికి అయ్యవారి దగ్గరకు వస్తుంది. ఇది మన సంఘంలో బాలల కార్యక్రమాలు నడిపేవారందరూ ఎరిగిన సంగతే.

మన సభ్యుల ఇండ్లలో దసరాకు విల్లంబు పట్టుకొని తిరిగిన పెద్దలుంటే, ఏ ఊళ్ళో, ఏ బడినుంచి, ఏయే పద్యాలు చదువుతూ తిరిగినారో చెప్పించి పిల్లలచేత వ్రాయించవలసిందిగా కోరుతున్నాము. అమ్మమ్మలు ఏ బడిలో ఎంతవరకు చదివినారో కూడా అడిగి వ్రాయించండి. వచ్చే ఉగాది సంచికలో వాటికి చోటు ఉంచుతాము.