తోక తెంపితే 100 పాయింట్లు

రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 11 మీటర్ల పైచిలుకు. పన్నెండో వంతుకు కుదించి మోడల్ చేస్తే 93 సెంటీమీటర్లు. చంకన పెట్టుకుని మైదానానికి పట్టుకుపోవచ్చు. దాని తోకకు పొడవాటి కాగితపు రిబ్బన్ కట్టి, అదే కొలతలో చేసిన మెసర్‌ష్మిట్లు, జీరోలు, మస్టాంగ్‌లతో పాటు ఒకేసారి గాల్లోకి లేపుతారు. ఎదుటివాడి రిబ్బన్‌ను మన ప్రొపెల్లర్‌తో తెంపాలి, మనది తెగకుండా చూసుకోవాలి. సంక్రాంతికి పాతబస్తీ మేడల మీద గాలిపటాలతో ఆడేదీ ఇదే. కాకపోతే ఇక్కడ దారం ఉండదు, రేడియోతో నడుపుతారు.

మొదట్లో ఇక్కడా తీగలే ఉండేవి. 1940 ప్రాంతంలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జిమ్ వాకర్ అనే ఆయన ‘ఫైర్‌బాల్’ అనే మోడల్‌ను అమ్మకానికి పెట్టాడు. చేతిలో పిడి, పిడి నుంచి విమానానికి రెండు సన్నని తీగలు. ఒకటి లాగితే ముక్కు పైకి లేస్తుంది, రెండోది లాగితే దిగుతుంది. మన ఎన్‌సీసీ వైమానిక విభాగం క్యాడెట్లు ఎగరేసే కంట్రోల్‌ లైన్ మోడళ్లు ఈ కోవలోవే. వాకర్ గొప్ప ప్రదర్శనకారుడు కూడా. చేతికొకటి, తలకు కట్టుకున్నదొకటి, మొత్తం మూడు విమానాలను ఒకేసారి తిప్పేవాడు.

ఒకే వలయంలో ఇద్దరిని నిలబెట్టి రిబ్బన్లు తెంపుకోమనే పోటీ ఈ తీగల విమానాలతోనే పుట్టింది. అంతర్జాతీయ పోటీల్లో అది నేటికీ ఉంది. రిబ్బన్ ఒక్కసారి తెగితే 100 పాయింట్లు. నా దృష్టిలో ఈ ఆటకు ప్రాణం పోసిన ఆలోచన ఆ రిబ్బనే. ప్రత్యర్థిని కూల్చకుండా కొట్టినట్టు లెక్క తేల్చే మార్గం దొరికిందంటే దానివల్లే. అయితే తీగ ఉన్నంతకాలం శత్రువు ఎప్పుడూ ఆ వలయం లోపలే ఉంటాడు. ఎండ చాటున దాక్కుని దూకడం గానీ, పారిపోతున్నట్టు నటించి వెనక్కి తిరగడం గానీ కుదరదు.

తీగ తెంచే పని అంతకుముందే మొదలైంది. 1937లో మిచిగన్ రాష్ట్రం కలమజూలో వాల్టర్ గుడ్, విలియమ్ గుడ్ అనే కవల సోదరులు 8 అడుగుల రెక్కలున్న ‘గఫ్’ విమానాన్ని రేడియోతో నడిపారు. అదిప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. కానీ ఆ తరం రేడియోతో పోరాటం ఊహకందదు. చాలా మోడళ్లలో చుక్కాని తిప్పే బలం మెలిపెట్టిన రబ్బరు బ్యాండుది. కింద బొత్తాం నొక్కితే ఆ మెలి ఒక మెట్టు విడుతుంది: ఓసారి కుడికి, వదిలితే మధ్యకు, మళ్లీ నొక్కితే ఎడమకు. ఇందాక ఎటు తిప్పామో నడిపేవాడే గుర్తుపెట్టుకోవాలి. మరిచిపోతే విమానం కుడికి పోవాల్సింది ఎడమకు పోతుంది. చెట్లు ఎప్పుడూ ఎడమవైపే ఉంటాయి!

1960ల మొదట్లో డగ్ స్ప్రెంగ్, డాన్ మాథర్స్ ‘డిజికాన్’ చేశాక గానీ ఈ బాధ తీరలేదు. చేతిలోని ట్రాన్స్‌మిటర్ మీది కర్రను ఎంత వంచితే చుక్కాని అంతే వంగే డిజిటల్ ప్రపోర్షనల్ పద్ధతి అది. ఈ పద్ధతిలో ట్రాన్స్‌మిటర్ నుంచి సెకనుకు సుమారు 50 సార్లు పల్స్ వెళుతుంది. అది ఒకటిన్నర మిల్లీసెకను ఉంటే చుక్కాని నడిమధ్యన నిలుస్తుంది, ఒకటికి తగ్గితే ఒక వైపు, రెండుకు పెరిగితే రెండో వైపు తిరుగుతుంది. చుక్కానిని తిప్పే సర్వో మోటారు తానెక్కడుందో తానే కొలుచుకుని సరిదిద్దుకుంటుంది. రిబ్బన్ వెంట ముక్కు గురిపెట్టడం అప్పటికి గానీ సాధ్యం కాలేదు.

మరి ఏడెనిమిది విమానాలు ఒకేసారి లేస్తే? ఒక్కొక్కరికి ఒక్కో చానల్ కావాల్సి వచ్చేది. ఒకే చానల్ మీద ఇద్దరు స్విచ్ వేశారో, రెండు విమానాలూ నేలపాలే. అందుకే మైదానాల్లో చానల్ నంబర్ల బోర్డు, దానికి క్లిప్పులు ఉండేవి. క్లిప్పు తీసుకోకుండా ఎవరూ ట్రాన్స్‌మిటర్ ముట్టకూడదు. 2005 తర్వాత 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చి ఆ బోర్డును ఇంటికి పంపాయి. వీటిలో చాలా సెట్లు వాడే, సంకేతం చానళ్ల మధ్య గెంతుతూ పోయే ఆలోచనకు 1942లో పేటెంట్ తీసుకున్నవారిలో హాలీవుడ్ నటి హెడీ లమార్ ఒకరు. ఆమె కోరింది రేడియోతో నడిచే టార్పెడోను శత్రువు దారి మళ్లించకూడదని. హాలీవుడ్‌కు ఈ కథతో చుట్టరికం అక్కడితో ఆగదు. రెజినాల్డ్ డెన్నీ అనే నటుడు మోడల్ విమానాల దుకాణం పెట్టి, ఆ పిచ్చితోనే అమెరికా సైన్యానికి గురి చూసి కాల్చే సాధనకు వేల కొద్దీ రేడియో విమానాలు చేసిచ్చాడు. యుద్ధం చివరి రోజుల్లో ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఓ ఫొటోగ్రాఫర్ కంటపడిన అమ్మాయే తర్వాత మార్లిన్ మన్రో అయింది.

రేడియో కుదిరినా పోరాటం వెంటనే రాలేదు. కారణం సాంకేతికం కాదు, మనసుకు సంబంధించింది. బాల్సా చెక్కను పక్కటెముకల్లా కోసి, అతికించి, పైన పలుచని కాగితం పరచి, రంగులేసి నెలల తరబడి చేసిన విమానాన్ని ఎవడు గుద్దుకోవడానికి పంపుతాడు? ఆ తెగువ చౌక సరుకుతో వచ్చింది. వేడి తీగతో కోసిన నురుగు రెక్కలు, ప్రకటన బోర్డుల ప్లాస్టిక్ షీట్లు, గాజునార ఉన్న ప్యాకింగ్ టేపు, ఆపైన కార్ల బంపర్లలో వాడే ఈపీపీ నురుగు వచ్చాయి. థర్మాకోల్ విరిగితే పూసలు రాలతాయి. ఈపీపీ నొక్కుకుపోయి మళ్లీ లేస్తుంది. 1990ల్లో కాలిఫోర్నియా కొండవాలు గాలుల్లో ఈపీపీ రెక్కలతో ఒకరినొకరు ఢీకొట్టుకునే ఆట అందువల్లే నిలబడింది. కానీ అవి వట్టి త్రికోణాలు, చూడ్డానికి నాకైతే చప్పగా ఉంటాయి.

పోరాటానికి నిజం విమానాల రూపం అంతకుముందే తెచ్చింది స్వీడన్ వాళ్లు. 1980ల్లో అక్కడ మొదలైన ‘ఎయిర్‌కంబాట్’ నియమం: యుద్ధకాలపు విమానమే కావాలి, కొలత 1:12. ఇది తెలివైన రాజీ. కొలత పన్నెండో వంతైతే రెక్క వైశాల్యం 144వ వంతు, పరిమాణం 1,728వ వంతు అవుతుంది. 3,000 కిలోల స్పిట్‌ఫైర్‌ను ఆ లెక్కన భాగిస్తే కిలో ముప్పావు దగ్గర తేలుతుంది. చేతితో విసిరి లేపడానికి వీలైన బరువు, చిన్న ఇంజిన్ లాగగల బరువు. బొమ్మ చూడ్డానికి నమ్మేలా ఉండాలి, పోయినా ఏడవనక్కర్లేనంత చౌకగానూ ఉండాలి.

గాల్లో అంత చిన్న విమానం బొమ్మ పైభాగమో అడుగుభాగమో పోల్చుకోవడం కష్టం. అందుకే చాలామంది 1944 నార్మండీ దాడినాటి నలుపు తెలుపు చారలు వేస్తారు. అప్పట్లో అవి సొంత సైనికులు తమ విమానాలనే కాల్చకుండా పూసినవి. ఇక్కడ రెక్క ఎటు వాలిందో కంటికి ఆనడానికి. తన విమానం మీంచి చూపు తిప్పలేడు కాబట్టి పైలట్ పక్కనే ఓ జడ్జి నిలబడి తెగిన రిబ్బన్లు లెక్కపెడతాడు. ఇద్దరి నెత్తిమీదా హెల్మెట్లుంటాయి. గుద్దుకున్న రెక్కకు టేపు చుట్టి తర్వాతి రౌండుకు తెస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు.