టెలిఫోను మీటల వరుస

టెలిఫోను యంత్రముపై 1, 2, 3 అంకెలు పై వరుసలో నుండును. దుకాణములలో లెక్కలు కట్టు యంత్రముపై అవే అంకెలు దిగువ వరుసలో నుండును. పైన 7, 8, 9 కనబడును. ఒకే బల్లపై నుండు ఈ రెండు యంత్రములకు ఈ తలక్రిందుల వరుస ఎట్లు వచ్చెనని ఇంటిలోని పిల్లలు ప్రశ్నించినచో పెద్దలలో అనేకులకు సమాధానము తోచదు. ఎవరో ఇంజనీరు తన ఇష్టము వచ్చినట్లు అమర్చి యుండునని సరిపెట్టుకొందుము. లెక్కల యంత్రము మాట ఎట్లున్నను, టెలిఫోను విషయములో అది నిజము కాదు. ఆ పది మీటల స్థానములను నిర్ణయించుటకు ముందు అమెరికాలోని శాస్త్రజ్ఞులు మనుష్యులను యంత్రముల ముందు కూర్చుండబెట్టి, అంకెలు నొక్కించి, ఎంత కాలము పట్టెనో, ఎన్ని తప్పులు దొరలెనో లెక్క వ్రాసికొనిరి.

మనిషిని యంత్రమునకు తగినట్లు తీర్చుటకు బదులు యంత్రమునే మనిషికి తగినట్లు తీర్చవలెనను భావము బలపడినది రెండవ ప్రపంచ యుద్ధకాలమున. అమెరికావారి బి-17 అను పెద్ద బాంబరు విమానములకు ఒక విచిత్రమైన చిక్కు వచ్చెను. యుద్ధము నుండి క్షేమముగా తిరిగివచ్చి, నేలపై దిగి పరుగెత్తుచుండగా, వైమానికుడు రెక్కల ఫలకములను ముడువబోయి చక్రములను ముడిచివేయుచుండెను. విమానము పొట్టపై కూలబడుచుండెను. దీనికి వైమానికుల అజాగ్రత్తయే కారణమని పై యధికారులు వ్రాయుచు వచ్చిరి. ఆల్ఫోన్స్ చపానిస్ అను యువ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విమానపు ముందు గదిలోనికి పోయి చూచెను. ఫలకముల మీట, చక్రముల మీట ప్రక్కప్రక్కనే, ఒకే రూపమున నుండెను. మీటలు అట్లు లేని సి-47 విమానములలో ఈ తప్పు కనబడలేదు. చక్రముల మీట కొనకు చిన్న రబ్బరు చక్రమును, ఫలకముల మీట కొనకు ఏటవాలు ముక్కను తగిలించుట ఆయన కనిపెట్టిన చికిత్స. చీకటిలోనైనను వ్రేళ్లకు తేడా తెలియును. 1947లో ఫిట్స్, జోన్స్ అను ఇరువురు పరిశోధకులు వైమానికుల తప్పిదములుగా పేర్కొనబడిన 460 అనుభవములను సేకరించి పరిశీలించి, వానిలో చాల భాగమునకు మూలము యంత్రముల అమరికలోనే యున్నదని చూపిరి.

ఈ వృత్తాంతము చదివినప్పుడు నాకు నా సంగతియే జ్ఞప్తికి వచ్చినది. నేనొకప్పుడు పనిచేసిన స్టూడియోలో మైకు ధ్వనిని తగ్గించు త్రిప్పుడు బిళ్ల, రికార్డు ధ్వనిని తగ్గించు త్రిప్పుడు బిళ్ల పక్కపక్కన ఒకే రంగులో నుండెడివి. ఒక ఉదయమున భక్తిగీతము నడుమ నా మైకును మూయబోయి పాటను మూసితిని. "జాగ్రత్తగా నుండవలెను" అను మందలింపు వచ్చినది, న్యాయమే. మరునాడు సహోద్యోగి ఒకరు ఎవరినీ అడుగకుండ రికార్డు బిళ్లపై ఎర్రని గుడ్డపట్టీ అంటించిరి. అటుపిమ్మట నేనా తప్పు చేయలేదు. మందలింపు పనిచేసెనో, పట్టీ పనిచేసెనో శ్రోతలే ఊహింపగలరు.

ఇక టెలిఫోను కథకు వత్తము. 1945లో బెల్ టెలిఫోను ప్రయోగశాలలో జాన్ కార్లిన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చేరెను. 1918లో దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గులో జన్మించిన ఈయన వయొలిను విద్వాంసుడు కూడ. తీగలను, అయస్కాంతములను పరీక్షించు ఆ సంస్థలో, టెలిఫోను పట్టుకొను మనిషిని పరీక్షించుటకు ఒక ప్రత్యేక శాఖ యుండవలెనని ఆయన పట్టుబట్టి దానిని నెలకొల్పించెను.

ఆయన చేసిన పరీక్షలలో టెలిఫోను త్రాటిని గూర్చినది మిక్కిలి సరళమైనది. ఆ కాలపు త్రాడు దాదాపు మూడడుగుల పొడవుండెడిది. అంత పొడవు అవసరమా? జనులను అడిగినచో ఎవరు మాత్రము తక్కువ చాలునందురు? కార్లిన్ ఎవరినీ అడుగలేదు. తోటి యుద్యోగుల బల్లలపై నున్న టెలిఫోనుల త్రాళ్లను, వారు లేని వేళ, కొన్ని దినముల కొకసారి అంగుళము చొప్పున తగ్గింపజేసెను. ఒక అడుగు తగ్గువరకు ఎవరును గమనింపలేదట! సంస్థకు రాగి మిగిలెను. ఇట్లు చెప్పక చేయుట తగునా యను ప్రశ్న నేటి వారికి కలుగును. పరీక్షలో పాల్గొనువాని సమ్మతిని ముందుగా తీసికొనవలెనను నియమము నేడు గట్టిపడినది. త్రాటి విషయములో ఎవరికిని హాని కలుగలేదు గాని, నియమము నియమమే యని నా యభిప్రాయము.

అంతకంటె సూక్ష్మమైనది చుక్కల కథ. 1950 ప్రాంతమున వచ్చిన క్రొత్త టెలిఫోనులో అంకెలను డయలు రంధ్రముల లోపలి నుండి వెలుపలి అంచునకు మార్చిరి. అంకెలు పెద్దవై స్పష్టముగా కనబడెను. అయినను జనులు డయలు త్రిప్పుట మునుపటికంటె నెమ్మదించెను! వ్రేలు పోవలసిన చోట కంటికి గురి లేకపోవుటయే కారణమని కార్లిన్ శాఖ భావించి, ఒక్కొక్క రంధ్రము నడుమ ఒక తెల్లని చుక్క పెట్టించెను. పూర్వపు వేగము తిరిగి వచ్చెను. ఎవరును ఆ చుక్కను కోరలేదు. అది కావలెనని చెప్పగలవారును లేరు. చేయునప్పుడు చూచిననే గాని తెలియని సంగతి యిది.

డయలు స్థానమున మీటలు వచ్చు కాలము సమీపించినప్పుడు అసలు ప్రశ్న ఎదురయ్యెను. పది అంకెలను ఏ వరుసలో నుంచవలెను? 1955లో మేరీ లట్జ్, చపానిస్ అనువారు ఖాళీ మీటల బొమ్మలు గీచి యిచ్చి, ఏ అంకె ఎక్కడ నుండునని మీరు తలంతురో వ్రాయుడని అనేకులను కోరిరి. మూడు వరుసల బొమ్మలో ఎక్కువమంది పుస్తకము చదువునట్లు ఎడమ నుండి కుడికి, పై నుండి క్రిందికి వ్రాసిరి. లెక్కల యంత్రముల వరుసకు ఇది విరుద్ధము.

అయితే మనిషి తలచునది వేరు, అతని వ్రేలు చేయునది వేరు. కావున బెల్ ప్రయోగశాలలో రిచర్డ్ డైనింజర్ నిజమైన మీటలతో పరీక్షలు నడిపి, 1960లో ఫలితములను ప్రకటించెను. పదునారు అమరికలు తయారయ్యెను. కొన్ని రెండు వరుసలు. కొన్ని మూడు వరుసలు. ఒకటి పాత డయలువలె గుండ్రనిది. మరియొకటి కారులోని వేగమాపకమువలె విల్లు వంపుగలది. పాల్గొనువారు ఏడు స్థానముల నంబర్లను నొక్కవలెను. కాలము, తప్పులు, చివరకు వారి ఇష్టాయిష్టములు, ఈ మూడును వేరువేరుగా లెక్కకు వచ్చెను.

ఇట్టి పరీక్షను ఏర్పరచుట చూచినంత తేలిక కాదు. ఒకే మనిషి మొదట ఒక అమరికను, పిమ్మట మరియొక దానిని వాడినచో రెండవదానిలో అభ్యాసబలము చేరును. లేదా అలసట చేరును. అందుచే కొందరికి ఇది ముందు, కొందరికి అది ముందు ఇయ్యవలెను. పరీక్ష నడుపువాడు పక్కన నిలిచి తల యూపిన చాలును, పాల్గొనువాడు ఆ దిక్కునకే మొగ్గును. అతడు తడబడినప్పుడు సహాయము చేయబోవుట మరియొక దోషము. తడబాటును చూచుటకే గదా అతనిని పిలిచినది!

ఫలితమేమి? సమంజసముగా నున్న అమరికల నడుమ వేగములో గాని తప్పులలో గాని గొప్ప తేడా కనబడలేదు. ఇష్టములో మాత్రము రెండు అడ్డ వరుసల అమరిక పైకి వచ్చెను. మీట ఎంత బరువుగా నుండవలెను, ఎంత లోతు దిగవలెను అను విషయములోను ఇదే తీరు: పనిలో తేడా స్వల్పము, అభిరుచిలో తేడా హెచ్చు, జనులు తేలికగా దిగు మీటలను మెచ్చిరి. తుదకు ఎన్నుకొన్నది మూడు మూడు మీటల మూడు వరుసలు, క్రింద సున్న. జనులకు దానివలన నష్టము లేదని తేలినది. ఇంజనీర్లకు అది అనుకూలమైనది. అడ్డ వరుస కొక స్వరము, నిలువు వరుస కొక స్వరము చొప్పున ప్రతి మీటకు రెండు స్వరముల జంట పలుకు నేర్పాటునకు ఆ చదరపు రూపము చక్కగా ఇమిడెను. పరీక్ష ఇక్కడ చేసినది ఉత్తమమును చూపుట కాదు. ఏది ఎన్నుకొన్నను చిక్కు లేదని ధైర్యము చెప్పుట. ఈ సంగతిని చాలమంది మరతురు.

ఒక లోపమును చెప్పక తప్పదు. ఆ మీటలు నొక్కినవారు ప్రయోగశాల యుద్యోగులు. యంత్రముల నడుమ బ్రతుకువారి వ్రేళ్లకును, చూపు మందగించిన ముసలమ్మ వ్రేళ్లకును సామ్యమెట్లు కుదురును? మన రేడియో చరిత్రలో ఇందుకు భిన్నమైన ఉదాహరణము కలదు. 1956లో యునెస్కో సహాయముతో ఆకాశవాణి పూనా ప్రాంతమున 150 గ్రామములలో గ్రామీణ శ్రోతల గోష్ఠులు నడిపినప్పుడు, ప్రసంగములు ఫలించెనో లేదో తేల్చుటకు టాటా సామాజిక శాస్త్ర సంస్థవారు గ్రామస్థులనే ముందొకసారి, వెనుకొకసారి ప్రశ్నించిరి. గోష్ఠులు లేని గ్రామములతో పోల్చియు చూచిరి. ఎవరికొరకు వస్తువో వారినే పిలువవలెనను నీతి అక్కడ నిలిచినది.

1963 నవంబరు 18వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రములోని కార్నెగీ, గ్రీన్స్‌బర్గు పట్టణములలో మీటల టెలిఫోను అద్దెకు లభించెను. నక్షత్రపు మీట, నిలువు అడ్డు గీతల మీట 1968లో చేరెను. ఆ కాలముననే మరియొక కలహము చెలరేగెను. ఎక్స్ఛేంజీల పేర్లను తొలగించి టెలిఫోను నంబరంతయు అంకెలే చేయుటను నిరసించుచు 1962లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సంఘమే వెలసినది. ఏడంకెలను జనులు గుర్తుంచుకొనగలరని పరీక్షలు చెప్పెను. అది నిజమే. కాని తమ పేట పేరుతో పిలువబడు నంబరుపై జనులకు గల మమకారమును కొలుచు గడియారము ప్రయోగశాలలో లేదు. ఆ సంఘమువారు ఓడిపోయిరి; వారిని తెలివితక్కువవారని మాత్రము నేననజాలను.

లెక్కల యంత్రముల వరుస తన దారిని తాను నిలిచిపోయినది. 1968లో ఇంగ్లండులో కాన్రాడ్, హల్ అనువారు రెండు వరుసలను పోల్చి, టెలిఫోను వరుసలోనే తప్పులు కొంత తక్కువయని చూపిరి. అప్పటికే గుమాస్తాల వ్రేళ్లు రెండవ దానికి అలవాటుపడి యుండెను. అందుచే నేడు చేతి ఫోనులో నంబరు నొక్కు తెరను మూసి లెక్కల తెరను తెరచినంతనే 1, 2, 3 క్రిందికి దిగును, 7, 8, 9 పైకి పోవును. నడిమి వరుసలోని 4, 5, 6 మాత్రము రెండింటను కదలవు. మీటలు గల టెలిఫోనులలో 5 అంకెపై చిన్న బొడిపె యుండును. చూపు లేనివారు దానిని తడిమి తక్కిన తొమ్మిదింటిని పోల్చుకొందురు.