తోడు పరుగు

చూపులేని క్రీడాకారులు చూపున్న మనిషి తోడుతో మారథాన్, సుదూర సైకిల్ యాత్ర వంటి ఓర్పు క్రీడల్లో పాల్గొనడాన్ని తోడు పరుగు అనవచ్చు. ఆ తోడు మనిషికి గైడ్ రన్నర్ అనే పేరు మన క్రీడా పేజీల్లోనూ స్థిరపడింది. బ్రిటన్, అమెరికాల్లో ఈ పరుగులు గైడ్ డాగ్‌లను, అంటే అంధులకు దారి చూపే కుక్కలను, పెంచి తర్ఫీదు ఇవ్వడానికి విరాళాలు తెచ్చే మార్గంగా ఎదిగాయి. అనంతపురం పీఠభూమికి పరుగు వచ్చింది, పరుగు వెంట విరాళమూ వచ్చింది, చూపులేని పిల్లలు ఆటల్లోకీ వచ్చారు. కుక్క మాత్రం రాలేదు.

కర్ర, తాడు

చూపులేని పెద్దాయన కర్ర ఒక కొస పట్టుకుంటే రెండో కొస పట్టుకుని మనవడు ముందు నడవడం తెలుగు పల్లెల్లో అందరూ చూసిన దృశ్యమే. తోడు పరుగులో ఆ కర్ర స్థానంలో చిన్న తాడు ఉంటుంది. మనవడు ముందు నడుస్తాడు. గైడ్ మాత్రం పక్కనే పరుగెత్తాలి. చేతులు ఒకే లయలో ఊగాలి, అడుగు అడుగుతో కలవాలి. మలుపు, గుంత, ఎత్తు, నీళ్ల బల్ల అన్నీ నోటితో ముందే చెప్పాలి. తాడు లాగి నడిపించకూడదు. ముగింపు గీత దాటేటప్పుడు అంధ క్రీడాకారుడే ముందుండాలి.

పారా అథ్లెటిక్స్‌లో చూపు బొత్తిగా లేనివారిది టీ11 విభాగం. వారు కళ్లకు గంతలు కట్టుకుని గైడ్‌తోనే పరుగెత్తాలి. కొంత చూపున్న టీ12 వారికి గైడ్ ఐచ్ఛికం. దూరం పెరిగేకొద్దీ గైడ్ కష్టం పెరుగుతుంది. పోటీదారు కంటే అతనికి ఎక్కువ దమ్ము ఉండాలి, ఎందుకంటే పరుగెత్తుతూ మాట్లాడాల్సింది అతనే. అందుకే 5,000 మీటర్లు, అంతకు మించిన పోటీల్లో దారిలో గైడ్‌ను మార్చుకునే వీలుంది.

ఆ తాడు ఎంత కఠినమైన బంధమో 2024 పారిస్ పారాలింపిక్స్ మారథాన్‌లో తెలిసింది. స్పెయిన్ క్రీడాకారిణి ఎలెనా కొంగోస్ట్ టీ12 విభాగంలో మూడో స్థానంలో ఉన్నారు. ముగింపు గీతకు కొద్ది మీటర్ల దూరంలో ఆమె గైడ్ కాళ్లు పట్టేసి తూలిపోయాడు. పడిపోతున్న మనిషిని పట్టుకోవడానికి ఆమె క్షణకాలం తాడు వదిలారు. నిర్వాహకులు ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు, కంచు పతకం జపాన్‌కు వెళ్లింది. దారి చూపేవాడు కూలిపోతుంటే చూపులేని మనిషే ఆదుకోవడం కంటే ఈ క్రీడకు గొప్ప నిర్వచనం దొరకదు. నిబంధనల పుస్తకంలో దానికి చోటు లేకపోయింది.

దీర్ఘదూర పరుగులో అంధుల పేరు ముందుగా గట్టిగా వినిపించింది అమెరికాలో. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన హ్యారీ కార్డెల్లోస్ 1975లో బోస్టన్ మారథాన్‌ను 2 గంటల 57 నిమిషాల 42 సెకన్లలో ముగించారు. చూపున్నవారిలోనూ ఎక్కువ మందికి అందని సమయం అది. 1983లో న్యూయార్క్‌లో డిక్ ట్రామ్ స్థాపించిన అకిలీస్ ట్రాక్ క్లబ్ వికలాంగులకు తోడు పరుగువాళ్లను జతచేసే పనిని ఒక ఉద్యమంలా నడిపింది.

కుక్క కోసం పరుగు

దారి చూపే కుక్కలకు పద్ధతిగా శిక్షణ ఇచ్చిన మొదటి పాఠశాల 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువులకు, తుపాకీ గుండ్లకు చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం దాన్ని పెట్టారు. జర్మనీలో అలాంటి శిక్షణను చూసిన డొరొతీ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ 1927లో రాసిన పత్రికా వ్యాసాన్ని మోరిస్ ఫ్రాంక్ అనే అంధ యువకుడికి చదివి వినిపించారు. అతను ఆమెకు ఉత్తరం రాసి, స్విట్జర్లాండ్ వెళ్లి, 1928లో బడీ అనే కుక్కతో తిరిగి వచ్చాడు. మరుసటి ఏడాది ‘ది సీయింగ్ ఐ’ పాఠశాల పుట్టింది. బ్రిటన్‌లో 1931లో వాలసీ పట్టణంలో జూడీ, ఫ్లాష్, ఫాలీ, మెటా అనే నాలుగు ఆడకుక్కలు మొదటి నలుగురు అంధులకు తోడయ్యాయి.

ఈ పని మొదటినుంచీ విరాళాల మీదే నడిచింది. ఒక కుక్కపిల్లను పెంచి, తర్ఫీదు ఇచ్చి, మనిషికి జతచేయడానికి రెండేళ్లు పడుతుంది. అమెరికా సంస్థలు ఒక్కో కుక్కకు చెప్పే ఖర్చు 50 వేల డాలర్ల దాకా ఉంటుంది. 1964లో బీబీసీ పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’ పిలుపు అందుకుని బ్రిటిష్ పిల్లలు పాలసీసాల రేకు మూతలు పోగుచేసి గైడ్ డాగ్‌ల కోసం డబ్బు కూడబెట్టారు. 1981లో లండన్ మారథాన్ మొదలయ్యాక పరుగుకు ప్రాయోజకులను వెతుక్కుని, వచ్చిన సొమ్మును సేవా సంస్థకు ఇవ్వడం అక్కడ వాడుకైపోయింది. రేకు మూతలు చేసిన పనిని కాళ్లు అందుకున్నాయి.

ఇంగ్లండ్‌లోని వెస్ట్ బ్రామ్‌విచ్‌కు చెందిన డేవ్ హీలీ ఈ చరిత్రలో మరచిపోకూడని పేరు. 2008 ఏప్రిల్‌లో ఆయన ఏడు రోజుల్లో ఏడు ఖండాల మీద ఏడు మారథాన్లు పరుగెత్తారు. ఫాక్‌లాండ్ దీవుల్లో మొదలుపెట్టి లండన్‌లో ముగించారు. పక్కన గైడ్ మాల్కమ్ కార్. ఆ పరుగు ద్వారా బ్రిటన్ గైడ్ డాగ్స్ సంస్థకు విరాళాలు సేకరించారు. చూపులేని వ్యక్తి ఈ పని చేయడం అదే మొదలు.

ఇక్కడ పాఠకుడికి ఒక సందేహం రావాలి. కుక్క కోసం పరుగెత్తేవాడు కుక్కతోనే ఎందుకు పరుగెత్తడు? గైడ్ డాగ్‌కు నేర్పేది నడక. జనసమూహంలో మారథాన్ వేగం దాని శిక్షణలో భాగం కాదు. అందుకే పోటీ రోజున కుక్క ఇంట్లో ఉంటుంది, మనిషి తాడు పట్టుకుంటాడు. ఈ హద్దును 2019 మార్చిలో థామస్ పానెక్ చెరిపేశారు. అప్పట్లో గైడింగ్ ఐస్ ఫర్ ది బ్లైండ్ సంస్థ అధిపతిగా ఉన్న ఈయన న్యూయార్క్ హాఫ్ మారథాన్‌ను వాఫిల్, వెస్ట్లీ, గస్ అనే మూడు కుక్కలతో వంతులవారీగా పూర్తిచేశారు. గస్‌కు అదే ఆఖరి ఉద్యోగం. గీత దాటాక దానికి పదవీ విరమణ.

మన దేశంలో

భారత్‌లో ఈ క్రీడ ఇటీవలే వేళ్లూనుకుంది. పుణెకు చెందిన దివ్యాంశు గణాత్రా స్థాపించిన సంస్థ 2016లో చూపులేనివారిని, చూపున్నవారిని ఒకే టాండెమ్ సైకిల్ మీద కూర్చోబెట్టి మనాలి నుంచి ఖార్‌దుంగ్‌లా దాకా తీసుకెళ్లింది. ముందు సీటులో చూపున్నవాడు దారి చూస్తాడు, వెనక సీటులోవాడు బలం కలుపుతాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో 1,500 మీటర్ల టీ11 పరుగులో కర్ణాటక అమ్మాయి రక్షిత రాజు స్వర్ణం, ఆంధ్రప్రదేశ్ అమ్మాయి కిల్లక లలిత రజతం గెలిచారు. ఇద్దరి పక్కనా గైడ్‌లు ఉన్నారు.

క్రీడతో నిధులు కూడగట్టడంలో తెలుగు నేలకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌లోని ఆదిత్య మెహతా ఫౌండేషన్. ప్రమాదంలో కాలు కోల్పోయిన సైక్లిస్టు ఆదిత్య మెహతా ‘ఇన్ఫినిటీ రైడ్’ పేరిట సుదూర యాత్రలు నడిపి, ఆ సొమ్మును వికలాంగ క్రీడాకారుల శిక్షణకు మళ్లిస్తున్నారు. 2020లో ఆ యాత్ర కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా సాగింది.

అనంతపురం పీఠభూమి

సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేనిది. ఎర్రనేల, వేరుశనగ, ఎండిన చెరువులు. 1969లో విన్సెంట్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్ ఇక్కడ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, జనం నోట ఆర్డీటీ, ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి కట్టింది. చూపులేని, వినికిడి లేని పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు పెట్టింది. క్రీడా గ్రామాన్ని నిర్మించింది; 2010లో అక్కడే రఫేల్ నదాల్ టెన్నిస్ కేంద్రం తెరుచుకుంది.

ఓర్పు పరుగుకు, విరాళానికి ఇక్కడ ముడి పడింది 2016లో. ఆ ఏడు మొదలైన అనంతపూర్ అల్ట్రామారథాన్ 170 కిలోమీటర్ల పరుగు. స్పెయిన్ నుంచి వచ్చినవారూ స్థానికులూ పగలూ రాత్రీ వంతులవారీగా పల్లెల గుండా పరుగెత్తారు. సమకూరిన సొమ్ము ఆర్డీటీ పనులకు వెళ్లింది. అదే స్పెయిన్‌లో అంధుల సంస్థ ఓన్సే లాటరీ టికెట్ల ఆదాయంతో నడుస్తుంది, 1990లో గైడ్ డాగ్‌ల ఫౌండేషన్‌నూ పెట్టింది. అక్కడి అంధుడికి కుక్క అందుతుంది. ఇక్కడి అంధ బాలికకు ముందుగా అందాల్సినవి బడి, బ్రెయిలీ పుస్తకం, వసతి గృహంలో ఒక మంచం.

ఈ తేడాను వెనుకబాటు అని కొట్టిపారేయడం సరికాదు. గైడ్ డాగ్ పని చేయాలంటే కాలిబాట ఉండాలి, దాటే చోటు ఉండాలి, బస్సులోకి, ఆసుపత్రిలోకి రానివ్వాలి. వీధికుక్కల గుంపులు, ఏప్రిల్ మధ్యాహ్నం కాలే తారు, అంచు లేని మట్టిబాట ఎంత మంచి లాబ్రడార్‌నైనా నిస్సహాయం చేస్తాయి. ఈ నేలకు తగిన తోడు ఇప్పటికి మనిషే.

ఈ పీఠభూమి చూపులేని క్రీడల పటం మీదకు ఎక్కింది మాత్రం పరుగుతో కాదు, క్రికెట్‌తో. 2025 నవంబరు 23న కొలంబోలో జరిగిన తొలి అంధ మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్లో భారత్ 7 వికెట్ల తేడాతో నేపాల్‌ను ఓడించింది. కెప్టెన్ దీపికది ఈ పీఠభూమిలోనే శ్రీ సత్యసాయి జిల్లా మడకశిర ప్రాంతంలోని తంబలహట్టి. కర్ణాటక సరిహద్దు పల్లె అది. పసితనంలోనే చూపు దెబ్బతిన్న ఆమె, కప్పుతో తిరిగి వచ్చాక జట్టు ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌ను కలిసినప్పుడు, తన ఊరికి రోడ్డు వేయించమని అడిగారు. ఆయన ఆ పనికి అనుమతులు ఇప్పించారు.