విన్నది వాళ్లు, విన్నవించుకునేది ఎవరికి?

కాంగ్రెసు మొదటి మహాసభ జరిగిన 1885లోనే భారత టెలిగ్రాఫు చట్టమూ వచ్చింది. దేశం నోరు విప్పటమూ, ఆ మాటను తీగ మీదే పట్టుకునే అధికారం సర్కారు చేతికి రావటమూ ఒకే ఏట జరిగాయి. యాదృచ్ఛికమే కావచ్చు గాని మరిచిపోదగింది కాదు. ప్రజాత్యయిక పరిస్థితి, ప్రజా భద్రత అనే రెండు మాటల నీడన తంతివార్తను ఆపటానికీ విప్పి చూడటానికీ అయిదో సెక్షను వీలు కల్పించింది. తెల్లదొర వెళ్లిపోయాడు, సెక్షను మిగిలింది. అక్రమంగా వినకుండా జాగ్రత్తలు విధించే నిబంధనలు చేసే అధికారం కూడా అదే చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. నూరేళ్లు దాటినా ఆ నిబంధనలు ఏ ప్రభుత్వమూ చెయ్యలేదు. వినే అధికారాన్ని మాత్రం ఏ ప్రభుత్వమూ తుప్పు పట్టనివ్వలేదు.

ఉత్తరాలు విప్పే అధికారాన్ని పెంచే తపాలా సవరణ బిల్లు 1986లో ఉభయ సభలూ దాటింది. రాష్ట్రపతి జైల్ సింగ్ సంతకం పెట్టకుండా అట్టే పెట్టేశాడు. టెలిఫోన్లు చాటుగా విన్నారన్న ఆరోపణ మీద 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే గద్దె దిగాడు. ఇవన్నీ పెద్దల తగాదాలు. మామూలు మనిషి ఫిర్యాదుకు వాటిలో చోటు లేదు.

కదలిక ఒక పత్రిక నుంచి వచ్చింది. రాజకీయ నాయకుల ఫోన్లు విన్న తీరుపై సి.బి.ఐ. నివేదికను 1991 మార్చిలో 'మెయిన్‌స్ట్రీమ్' ప్రచురించింది. దాన్ని పట్టుకుని పౌరహక్కుల ప్రజా సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ సంఘానికి చాలాకాలం జాతీయాధ్యక్షుడుగా ఉన్న కె.జి. కన్నబిరాన్ మన పాఠకులకు కొత్తవాడు కాదు. 1996 డిసెంబరు 18న న్యాయమూర్తులు కుల్దీప్ సింగ్, సగీర్ అహ్మద్ తీర్పు చెప్పారు. ఫోనులో మాట్లాడుకోవటం ఏకాంత హక్కులో భాగమన్నారు. హోం కార్యదర్శి ఉత్తర్వు లేనిదే వినరాదు, ఆ ఉత్తర్వు రెండు నెలలే చెల్లుతుంది, ఎంత పొడిగించినా ఆరు నెలలు దాటరాదు అన్నారు.

గొప్ప తీర్పే. కాని దాని గుండెలో ఒక ఖాళీ ఉంది. వినటానికి ముందు న్యాయమూర్తి అనుమతి కావాలన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. ఉత్తర్వులను తర్వాత పరిశీలించే పని సమీక్షా సంఘానికి అప్పగించింది. అందులో ఉండేది ప్రభుత్వ కార్యదర్శులే. ఇచ్చేవారూ వారే, చూసేవారూ వారే. దొంగకూ తలారికీ ఒకే ఇల్లు. తన మాట విన్నారని పౌరుడికి కబురు చేసే ఏర్పాటు లేదు. 2007లో వచ్చిన నిబంధనలూ ఈ చట్రంలోనే ఇమిడాయి. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ చెప్పిన లెక్క చూడండి: రెండు నెలలకొకసారి కూర్చునే ఆ సంఘం ముందుకు ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు వస్తాయట. అన్నిటినీ చదివి పరిశీలించారని ఎవరు నమ్ముతారు?

ఇంటర్నెట్ వచ్చాక గోడ ఇంకా పలచబడింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 69వ సెక్షనులో, 1885 చట్టం పెట్టిన ఆ రెండు షరతులు కూడా లేవు. ఈ ఒక్క విషయంలో వలస చట్టమే నయమనిపించటం మన దౌర్భాగ్యం. 2018 డిసెంబరు 20న హోం శాఖ పది సంస్థలకు ఈ అధికారాన్ని ఒక్క ఉత్తర్వుతో పంచింది.

మరి ఫిర్యాదు ఎక్కడ? పరాయివాడు మన ఉత్తర ప్రత్యుత్తరాల్లోకి చొరబడితే పోలీసు స్టేషను ఉంది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం అక్రమంగా వినటానికి మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా. నష్టపరిహారం అయిదు కోట్ల లోపు అయితే రాష్ట్ర ఐ.టి. కార్యదర్శిని ఆశ్రయించవచ్చు. ఆయన తీర్పుపై అప్పీలు వినవలసిన సైబర్ ట్రిబ్యునల్ అధ్యక్షుడి కుర్చీ 2011 నుంచి ఖాళీగానే ఉండిపోయి, చివరికి 2017లో ఆ ట్రిబ్యునలే మరొక దానిలో కలిసిపోయింది. విన్నది ప్రభుత్వమే అయితే మిగిలేది హైకోర్టు. 2019 అక్టోబరులో బొంబాయి హైకోర్టు అలాంటి మూడు ఉత్తర్వులను కొట్టివేసింది. ఆ ఉత్తర్వుల సంగతి నేరారోపణ పత్రం వల్ల బయటపడింది కాబట్టి సరిపోయింది. కేసే పెట్టకుండా ఊరికే వింటే?

పెగాసస్ వ్యవహారంలో మాత్రం ఒక్కసారి తలుపు తెరుచుకుంది. 2021 అక్టోబరు 27న ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం, ఆర్వెల్ నవల '1984'లోని వాక్యంతో మొదలయ్యే ఉత్తర్వుతో సాంకేతిక సంఘాన్ని వేసింది. అనుమానమున్నవారు రావచ్చని ఆ సంఘం పత్రికల్లో ప్రకటించింది. 29 ఫోన్లు పరీక్షించారు. అయిదింటిలో ఏదో దుష్ట ప్రోగ్రాము కనిపించింది, అది పెగాససేనని తేలలేదు. ప్రభుత్వం సహకరించలేదని 2022 ఆగస్టులో కోర్టే చెప్పింది.

మన హైదరాబాదులో 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషనులో కేసు నమోదయింది. ఫిర్యాదు చేసింది మాటలు పోగొట్టుకున్నవాడు కాదు, రికార్డులు ధ్వంసం చేశారంటూ అదే నిఘా విభాగానికి చెందిన అధికారి. తమ ఫోను విన్నారన్న ఆరోపణ సంగతి కొందరు నాయకులకూ పాత్రికేయులకూ దర్యాప్తు అధికారులు వాంగ్మూలానికి పిలిచినప్పుడే తెలిసింది. ఇంటర్నెట్ విషయంలో 2009 నిబంధనలు మరో మాట చెబుతున్నాయి: అవసరం తీరిన రికార్డులను ఆరు నెలలకొకసారి నాశనం చెయ్యాలి. పౌరుడి రక్షణకే పెట్టిన నియమం. కాని అతనికి కబురందేలోగా సాక్ష్యం బూడిదయిపోయి ఉంటుంది.