కోరంగి రేవున ఓడల మరమ్మతు

సముద్రతీర పట్టణముల చరిత్ర వ్రాయువారు సామాన్యముగా ఏ రేవునుండి ఏ సరకు ఎగుమతియయ్యెనో, ఏ దేశపు వర్తకులు ఏ యేట వచ్చి కోఠీలు కట్టిరో లెక్కించి తృప్తిపడుదురు. కాని గౌతమీముఖమున, యానామునకు చేరువను, ఒకప్పుడు బంగాళాఖాతమంతట పేరు మ్రోగిన కోరంగి విషయమున ఈ లెక్క చాలదు. ఆ ఊరి ప్రతిష్ఠకు మూలము సరకులను పంపుట మాత్రమే కాదు. గాలివానకు కొయ్య సడలి, సందులు విచ్చి, నీరు తోడుకొనుచు వచ్చిన ఓడలను తిరిగి సముద్రమునకు యోగ్యములుగా చేసి పంపగలుగుటయు దానికి కారణమే. ఆ శక్తి యున్నంతకాలము కోరంగి మహారేవు. అది సన్నగిల్లిన పిదప పల్లె.

తెలుగు తీరమునకు తెరచాపకొయ్య నిన్న మొన్నటిది కాదు. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి మున్నగు శాతవాహన ప్రభువుల నాణెములపై రెండు కొయ్యల ఓడ కన్పట్టును. భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువు నాలుగు కొయ్యల ఓడకు తెలుపును, మూడింటిదానికి ఎరుపును, రెండింటిదానికి పసుపును, ఒంటికొయ్య ఓడకు నీలమును పూయవలెనని విధించినది. అయితే ఎంత చక్కని వర్ణము పూసినను గాలి గాలియే. తుపానుకు చెదరి దారితప్పి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు తమ సొత్తుగా లాగుకొనుచుండగా, ఆ దురాచారమును మాన్పి, నియతమైన సుంకము తప్ప తక్కినదంతయు వర్తకులకే విడిచితినని కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లియందు అభయశాసనము వేయించెను. ముప్పదింట నొక పాలు మాత్రమే సుంకముగా గైకొన్న ఆ ప్రభువు, చెడిన ఓడకు ఆశ్రయమిచ్చు రేవునకే మంచి ఓడలును వచ్చునను వ్యాపారరహస్యము నెరిగినవాడని చెప్పవలెను.

ఆశ్రయము వేరు, చికిత్స వేరు. చికిత్సకు కలపయు పనివాండ్రును ఒకచోట దొరకవలెను. భద్రాచల, రేకపల్లి ప్రాంతముల అడవులలో కొట్టిన టేకుమ్రాకులు తెప్పలుగా గోదావరిపై దిగివచ్చుటచే, ఆ నదీముఖములందు ఓడవడ్రంగము సహజముగా వేళ్లూనినది. 1614లో పీటర్ ఫ్లోరిస్ అను వర్తకుడు తమ గ్లోబు అను ఓడను వసిష్ఠపాయమీది నరసాపురము ఏటిలోనికి తెచ్చెను. అదే శతాబ్దపు ఉత్తరార్ధమున థామస్ బౌరీ అను నావికుడు ఆ ప్రాంతమున ఓడలు కట్టుటకును బాగుచేయుటకును గల సౌకర్యములను మెచ్చి వ్రాసెను. చెన్నపట్టణమునకు ఆనాడు రేవే లేదు. ఓడలు ఒడ్డునకు దూరముగా బయటిసముద్రమున లంగరు వేయవలసినదే. ఈశాన్యఋతుపవనము విసరునప్పుడు తూర్పుతీరమంతయు ఓడలకు యమస్థానము. ఇట్టి తీరమున ఇసుకతిన్నె చాటున నిమ్మళమైన నీరును, ఓడ యడుగు నానించుటకు మెత్తని ఒండ్రునేలయు గల కోరంగి, 19వ శతాబ్దారంభమునాటికి కలకత్తాకును త్రిన్‌కోమలికిని నడుమ పెద్ద ఓడలను డాకునకెక్కింపగల ఏకైకస్థలమని పేరొందెను.

ఓడ కారుచున్నదనగానే అడుగుపలక పగిలెనని మనము తలంతుము. సరంగులకును కళాసీలకును తెలిసిన కారుడు మరియొకటి గలదు. తెరచాపకొయ్య పైతట్టునందలి రంధ్రముగుండ లోనికి దిగి, వెన్నుదూలముపై తొలిచిన గుంటలో కాలూని నిలుచును. తెరచాప గాలిపట్టినప్పుడెల్ల కొయ్య అటునిటు ఊగి, రంధ్రముచుట్టును బిగించిన కొయ్యచీలలను సడలించును. ఆ సందున వాననీరును కెరటపునీరును కొయ్యవెంట జారి, దిగువ గుంటలో నిలిచి, ఎవరికంటను బడకుండ మొదలును క్రుళ్లజేయును. పైకి నిటారుగా నున్న కొయ్య పెద్దగాలి వీచిననాడు ఫెళ్లున విరిగి, మోకులతోను తెరచాపతోను మనుష్యులమీద గూలును.

అందుచే నేర్పరియైన వడ్రంగి మొదట ఉలి పట్టడు, సుత్తి పట్టును. కొయ్యను మొదటినుండి పైకి తట్టుచు పోవును. గట్టి చేవ ఖంగున మ్రోగును, పుచ్చిన భాగము మొద్దుగా పలుకును. ఆ ధ్వని మారినచోట సుద్దగీత గీచి, అంతవరకు కోసివేసి, క్రొత్తకలపను ఏటవాలుగా చెక్కి అతికి, తడిపిన త్రాళ్లతో బిగగట్టుదురు. పిదప కొయ్యను నిలిపి, చీలలు దిగగొట్టి, సందులలో నార కూరి, మీద కాగిన గుగ్గిలము పోసి, తారు పట్టించిన తెరచాపగుడ్డను మొలనూలువలె చుట్టి కట్టిన గాని పని పూర్తికాదు.

పలకల సందులు పూడ్చుటయు ఇట్టి సున్నితమైన విద్యయే. పాతనారను గీకివేసి, క్రొత్తనారను చేతులతో పేని, మొద్దుఉలి నానించి కొయ్యసుత్తితో కూరవలెను. తక్కువ కూరిన నీరు చొచ్చును. ఎక్కువ కూరినచో, ఓడ నీట దిగిన పిదప నారయు పలకయు ఉబ్బి, పలక మేకులనే పెరికికొనును. గుగ్గిలము ఒంటిగా వాడిన ఎండకు పెళుసెక్కి పగులును గనుక దానిని నూనెతో కలిపి కాచుదురు. నూనె మిక్కుటమైన సందు ఆరదు. సున్నమును నూనెతో నూరి అడుగునకు పూయుట ఓడపురుగునుండి రక్షణకొరకు. ఇందులో కొలతగిన్నెకంటె ఎక్కువగా పనిచేసినవి ముక్కును వ్రేళ్లును. ఇదే తీరమున కెరటములను దాటుటకు వాడిన మసూలా పడవలలో ఇనుపమేకు మచ్చునకైన లేదు. గడ్డి యొత్తుపెట్టి పలకలను కొబ్బరిత్రాటితో కుట్టుటచే, ఆ పడవలు అలతాకిడికి పగులక వంగి లొంగును.

కోరంగిపై ప్రకృతి రెండుమారులు కత్తి దూసినది. 1789 డిసెంబరులో మూడు మహాతరంగములు ఒకదానివెంట నొకటి వచ్చి ఓడలను మెట్టకెక్కించి ఊరిని ముంచినవి. 1839 నవంబరులో మరల ఉప్పెన వచ్చినది. అయినను ఊరు లేచినది, ఓడలు వచ్చినవి. గోదావరి జిల్లాల కూలీలు ఇచ్చటి ఓడలెక్కి రంగం (రంగూను) పోయిరి గనుకనే బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరు నిలిచినది. ఉప్పెనలు చేయలేకపోయిన పనిని నదియే చేసినది. ఏటేట గౌతమి తెచ్చి పోసిన ఒండ్రు లోతును హరింపగా పెద్ద ఓడ లోనికి రాలేకపోయెను. పిమ్మట ఇనుప ఆవిరియోడ వచ్చెను. దానికి నారయు గుగ్గిలమును అక్కరలేదు. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధకాలమున ప్రత్తియెగుమతితో కాకినాడ పెరుగగా, కోరంగి వర్తకము అచటికి తరలెను.

ఐనను విద్య వెంటనే నశింపలేదు. దానిని నిలిపినది, చిత్రముగా, రేవును చంపిన మేటయే. కాకినాడ అఖాతమును లోతు చాలనిదగుటచే ఆవిరియోడలు కొన్ని మైళ్ల దూరమున ఆగవలసివచ్చెను. సరకును చేరవేయుటకు చెక్కపడవలు కావలసివచ్చెను. వాటిని కట్టుటకును, ఏటేట సందులు పూడ్చుటకును ఆ ప్రాంతపు వడ్రంగులే దిక్కైరి. కోరంగి చేరువనున్న తాళ్లరేవున చెక్కయోడల నిర్మాణము 20వ శతాబ్దమునను సాగినది. కనుక కోరంగి కథను పూడిన రేవు కథగా మాత్రమే చెప్పుట న్యాయము కాదు. మహానౌకల మరమ్మతునకై అలవడిన నేర్పు, వాటి రాక నిలిచిన పిదప చిన్నపడవలను ఆశ్రయించి జీవించినది. రేవునకు లోతు కావలెను గాని, పనితనమునకు పని యున్న చాలును.