పాత ట్రక్కు, క్రొత్త చిప్పు

ఎడ్లబండి తోలినవారికి పగ్గముల విలువ తెలియును. ఎద్దుల బల మెంత యున్నను, దానిని ఎప్పుడు వదలవలయునో ఎప్పుడు బిగింపవలయునో నిర్ణయించునది తోలువాని చేయి. మోటారు బండికిని అట్టి పగ్గ మొకటి కలదు. అది మొదట తోలువాని చేతిలో నుండెను. పిదప ఉక్కు స్ప్రింగుల పాలయ్యెను. తుదకు గోరంత సిలికాను పలుకులోనికి చేరెను. అమెరికా దేశమున పాత పికప్ ట్రక్కులు గల కొందఱు ఆ పలుకును ఊడఁదీసి, ఎక్కువ శక్తి నిచ్చునను వేఱొక పలుకును పెట్టుకొనుట వాడుకయైనది. దానిని పర్ఫార్మెన్సు చిప్పు అందురు. ఈ చిన్న వస్తువు వెనుక నూఱేండ్ల చరిత్ర యున్నది. అందు మనము ఆలోచింపవలసిన ప్రశ్న యొకటియు నున్నది: బండి యజమానునిదే యైనను, పగ్గ మెవరిది?

మొదట ఆ పగ్గ మెట్టిదో చెప్పెదను. పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసిన మిశ్రమమును పిస్టను పైకి నొక్కును. స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వను రాల్చఁగా మిశ్రమము మండి పిస్టనును క్రిందికి త్రోయును. మంట వ్యాపించుటకు కొంత కాలము పట్టును గనుక, పిస్టను పై కొనకు చేరకమున్నే రవ్వ పడవలయును. ఇంజను వేగము హెచ్చినకొలఁది రవ్వ మఱింత ముందుగాఁ బడవలయును. ఆలస్యమైనచో బలము వ్యర్థము. మఱీ ముందైనచో, మంట చేరని మూలనున్న మిశ్రమము తనంతఁ దాను ప్రేలి, సమ్మెటపోటు వంటి చప్పుడు చేయును. దానిని నాకింగు అందురు. అది ముదిరినచో పిస్టను పగులును.

1908లో హెన్రీ ఫోర్డు కంపెనీవారు విడుదల చేసిన మోడల్ టి బండిలో స్టీరింగు చక్రము క్రింద రెండు మీటలుండెను. కుడి మీట పెట్రోలునకు, ఎడమ మీట నిప్పురవ్వకు. తోలువాఁడు ఇంజను చప్పుడును వినుచు, చదునునేలపై ఎడమ మీటను ముందుకును, ఎక్కుడు దారిలో వెనుకకును జరుపుకొనెడివాఁడు. ఇంజనును చేతి హేండిలుతో త్రిప్పునపుడు రవ్వమీటను వెనుకకు పెట్టుట మఱచెనా, హేండిలు ఎదురుతిరిగి వాని మణికట్టును విఱుగఁగొట్టెడిది. తప్పు చేసిన చేతికే శిక్ష పడెడిది. ఈ మాటను జ్ఞాపకముంచుకొనఁ గోరుచున్నాను.

అమెరికా రైతులు ఆ బండ్ల వెనుక చెక్కపెట్టెలు బిగించుకొని ధాన్యమును, కూరలను సంతకు తోలుకొనెడివారు. అది చూచి ఫోర్డు కంపెనీవారే 1925లో ఉక్కు పెట్టెతోఁ గూడిన పికప్ బండిని 281 డాలర్లకు అమ్మఁజొచ్చిరి. దాని బలము 20 గుఱ్ఱముల బలము. యజమానుఁడు తన అవసరమునకుఁ దగినట్లు బండిని మార్చుకొనుట ఆ దేశమున ఇట్లు మొదటినుండియు గౌరవమైన పనిగానే యుండెను.

తరువాత రవ్వమీట క్రమముగా మాయమయ్యెను. డిస్ట్రిబ్యూటరను సాధనములో చిన్న తూనికలును స్ప్రింగులును అమర్చిరి. ఇంజను వేగము హెచ్చఁగానే తూనికలు విచ్చుకొని రవ్వను తామే ముందుకు జరిపెడివి. నేర్పరియగు మెకానికు డిస్ట్రిబ్యూటరును కొంచెము త్రిప్పి, చెవినొగ్గి విని, చక్కని స్థానమున బిగించెడివాఁడు. పగ్గము తోలువాని చేతినుండి పనివాని చేతికి మాఱినదన్నమాట.

ఇంతలో ఊహింపని దిక్కునుండి ఒక ఆపద వచ్చెను. 1943 జూలైలో లాస్ ఏంజిల్సు నగరమును కన్నులు మండించు పొగమంచు క్రమ్మెను. దానికి మూల మేదియో పలువురు పలు విధములుగాఁ దలఁచిరి. హాలండులో జన్మించి కాలిఫోర్నియాలో స్థిరపడిన హాగెన్ స్మిట్ అను రసాయన శాస్త్రవేత్త, మోటారు బండ్ల పొగయు తైలశుద్ధి కర్మాగారముల ఆవిరులును ఎండలో మార్పుచెంది ఆ విషమును పుట్టించునని 1950 తరువాతి తొలి సంవత్సరములలో నిరూపించెను. 1970లో ఆ దేశపు ప్రభుత్వము గాలి శుద్ధికై గట్టి చట్టము చేసెను. 1975నాఁటి క్రొత్త కార్లలో పొగను శుద్ధిచేయు కన్వర్టరులు వెలసెను. మంచి కన్వర్టరు పనిచేయవలెనన్న, గాలి పెట్రోలుల పాళ్లు అనుక్షణము సరిగా నుండవలయును. అంత సూక్ష్మము పాత కార్బురేటరునకు చేతఁగాదు. కావున కంప్యూటరు బండిలోనికి ప్రవేశించెను. జనరల్ మోటార్సువారు 1977నాఁటి టొరొనాడో కారులో రవ్వను నడుపు కంప్యూటరును పెట్టిరి. ఫోర్డువారు 1978లో ఆ దారినే పట్టిరి. 1980 దశాబ్దము ముగియునప్పటికి పికప్ ట్రక్కులకును అది ప్రాఁకెను.

మన పంచాంగమున తిథివారముల ననుసరించి వర్జ్యమును చూచుకొనునట్లు, ఆ కంప్యూటరు ఇంజను వేగమును, దానిపైనున్న భారమును చూచి, ఒక పట్టికలో ఆ గడియకుఁ దగిన రవ్వస్థానమును, పెట్రోలు పాలును తీసికొనును. ఆ పట్టిక వ్రాసియున్న పలుకే చిప్పు. 1971లో ఇంటెల్ కంపెనీయందు డోవ్ ఫ్రోమన్ అను శాస్త్రజ్ఞుఁడు, అతినీలలోహిత కిరణములు సోఁకించినచో వ్రాఁత చెరిగిపోయి మరల వ్రాయుటకు వీలగు చిప్పును కనిపెట్టియుండెను. పలకమీఁది వ్రాఁత వలె చెరిపి వ్రాయ వీలైన తరువాత, ఉపాయము తెలిసినవారు ఊరకుందురా? కంపెనీల పట్టికలను చదివి, సవరించి, క్రొత్త చిప్పులను అమ్మఁజొచ్చిరి.

పెట్టుకొను పద్ధతి కష్టమైనది కాదు. మొదట బ్యాటరీ తీఁగను విడఁదీయవలయును. చేతిలోని స్థిరవిద్యుత్తు చిప్పును చెఱచును గనుక, ముందుగా బండి ఇనుమును తాఁకవలయును. జనరల్ మోటార్సు ట్రక్కులలో కంప్యూటరు పెట్టెకున్న చిన్న మూఁత తెఱచి పాత చిప్పును తీసి క్రొత్తది పెట్టుదురు. ఫోర్డు ట్రక్కులలో పెట్టె వెనుకనున్న పలకపై పూఁత యుండును. దానిని శుభ్రముగా గీఁకి క్రొత్త చిప్పును తగిలింపవలయును. గీఁకుటలో కొఱత యున్నచో ఇంజను తడఁబడును.

మఱి లాభ మెంత? కంపెనీవారు పట్టికను జాగ్రత్తతో వ్రాయుదురు. ఎడారి యెండ, కొండదారి, చౌక పెట్రోలు, ఏమఱుపాటు గల తోలువాఁడు, వీని నన్నిటిని తట్టుకొనునట్లు రవ్వను కొంత వెనుకకుంతురు. చిప్పు వ్రాయువాఁడు ఆ జాగ్రత్తలో కొంత తీసివేసి రవ్వను ముందుకు జరుపును. దానికి మేలురకపు పెట్రోలే పోయవలయును. లేనిచో నాకింగు తప్పదు. మసి పేరుకొన్న పాత ఇంజనులో ఆ భయము ఇంకను హెచ్చు. టర్బో లేని పెట్రోలు ఇంజనులో ఇంత చేసిన పిదపఁ గలుగు లాభము, పెక్కుమాఱులు కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లే యుండును. టర్బో గల డీజిలు ట్రక్కుల సంగతి వేఱు. 1994 నుండి 2003 వఱకు ఫోర్డువారు వాడిన 7.3 లీటర్ల డీజిలు ఇంజను వంటి వానిలో చిప్పు అధికముగా డీజిలును వదలును. బలము నిజముగానే పెరుగును. దానితోపాటు వేడియు, నల్లని పొగయు పెరుగును. గేరు యంత్రమునకు భారమధికమగును.

ఇచ్చటనే తగవు పుట్టెను. పొగ సాధనములను పాడుచేయరాదను నిషేధము మొదట తయారీదారులకును అమ్మకపుదారులకును మాత్రమే యుండెను. 1977లో అది మరమ్మతు శాలలకును, 1990లో ప్రతి మనుష్యునికిని విస్తరించెను. కాలిఫోర్నియా రాష్ట్రమువారు మాత్రము, పొగ హెచ్చింపవని పరీక్షలో తేలిన చిప్పులకు అనుమతి సంఖ్య నిచ్చు పద్ధతి పెట్టిరి. యజమానుల వాదమునకును బలము లేకపోలేదు. 2015లో ఆ దేశపు కాంగ్రెసు గ్రంథాలయాధికారి, కార్లు ట్రాక్టర్ల యజమానులు మరమ్మతు నిమిత్తమును, చట్టబద్ధమైన సవరణ నిమిత్తమును తమ బండ్లలోని వ్రాఁతను తెఱచుటకు గ్రంథస్వామ్య చట్టము అడ్డు కారాదని తీర్పుచేసెను. ఆ యేఁడే ఫోక్సువాగన్ కంపెనీ గుట్టు రట్టయ్యెను. పరీక్షవేళ మాత్రము శుద్ధముగాఁ గానవచ్చు కపటపు వ్రాఁతతో ప్రపంచమున సుమారు 1,10,00,000 డీజిలు కార్లను అమ్మినట్లు ఆ కంపెనీయే ఒప్పుకొనెను. కావున పగ్గము కంపెనీ చేతిలో నున్నంతమాత్రమున ధర్మము నిలుచుననుటయు పొరపాటే.

యజమానుల పక్షమునను ఋణము కలదు. 2020లో అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థ వెల్లడించిన నివేదికలో, అంతకుముందు పదేండ్లలో 5,50,000కు మించిన డీజిలు పికప్ ట్రక్కులలో పొగశుద్ధి సాధనములు తొలగింపఁబడినవని తేల్చిరి. ఆ బండ్ల జీవితకాలమున అదనముగా వెలువడు నైట్రొజన్ ఆక్సైడులు 5,70,000 టన్నులకు మించునని లెక్కకట్టిరి.

ఈ కథ దూరదేశపుది మాత్రమే కాదు. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున భారత్ స్టేజి 6 నియమములు అమలు కాఁగా, మీ మనుమలు తెచ్చుకొను మోటారు సైకిళ్లలోనికిని కార్బురేటరునకు బదులు కంప్యూటరు వచ్చినది. కంపెనీ వివరములకు భిన్నముగా బండిని మార్చుటను మన 1988నాఁటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగమున నిషేధించుచున్నది. చిప్పు మార్చుదునని ఏ మనుమఁడైన ముచ్చటపడినచో వానిని కసరకుఁడు. మోడల్ టి బండి కథ చెప్పుఁడు. నాఁడు రవ్వమీట తప్పినచో విఱిగినది తోలువాని మణికట్టే. నేఁడు ఆ తప్పునకు ఫలము అనుభవించునది వెనుక నడచివచ్చువాని ఊపిరితిత్తి. పగ్గము ఎవరి చేతనున్నను, దాని పోటు ఎవరికిఁ దగులునో ఎఱిఁగి పట్టుటే తోలువాని ధర్మము.